మా అమ్మాయి వాళ్ళ నాన్న

జపాన్ వాళ్ళకి ఇంగ్లీషు నేర్పిన మొట్టమొదటి గుంటూరు జిల్లా మాస్టార్ని నేనే. కెనడాలో మేముండే ఏజాక్స్ ఊళ్ళో తెలుగువాళ్ళు కలిసే ప్రతి పుట్టినరోజు భోజనంలోనూ ఈ మాట చెప్తుంటాను. హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు చేతిలో ప్లేటుతో నిలబడి, "అవునా అంకుల్! జపాన్‌లో ఎన్నాళ్ళున్నారు?" అని అడుగుతారు. సరిగ్గా అప్పుడే నాకు దాహం వేస్తుంది. మంచినీళ్ళ కోసం అటు వెళ్ళిపోతాను.

జపాన్ నేను చూడలేదు. నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న జపాన్ వాళ్ళు మొత్తం కలిపి ఒక్కరు. మా పక్కవీధిలో కూతురి దగ్గర ఉండే ముసలావిడ. పాఠాలు జరిగింది ఏజాక్స్ లైబ్రరీలో, బాత్రూముల పక్కగదిలో. ఇక 'మొట్టమొదటి' అన్నది ఊరికే నోటికొచ్చింది. గుంటూరు వాళ్ళు నాకంటే ముందు వెళ్ళని చోటు భూమ్మీద ఉంటుందని నేననుకోను.

ఇలాంటివి నాకు అలవాటే. హెడ్మాస్టరుగా రిటైరయ్యానని కూడా చెప్తాను. అసలు హెడ్మాస్టరు గారు కంటి ఆపరేషనుకి వెళ్ళినప్పుడు ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చి లేవమన్నారు, లేచాను. మిగతా సర్వీసంతా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మామూలు మాస్టార్ని. నేనిలా కోతలు కోస్తూ ఒక్కో మెట్టే పైకెక్కుతుంటే, కింద నిచ్చెన లాగేసే మనిషి ఒకతె ఉండేది. మా ఆవిడ. "ఏమండీ, ఆ కంటి ఆపరేషను సంగతి కూడా చెప్పండి" అనేది నలుగురిలో. ఇప్పుడు నా నిచ్చెన లాగేవాళ్ళు లేరు. అందుకని నా అంతట నేనే దిగి ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి మమ్మల్నిద్దర్నీ ఇక్కడికి తెచ్చుకుంది. అల్లుడికి దగ్గర్లోని మార్కమ్ ఊళ్ళో ఉద్యోగం, అమ్మాయి ఇంట్లోంచే పని, మనవరాలికి స్కూలు. వచ్చిన మొదటి చలికాలమంతా నేను కిటికీ దగ్గర కూర్చుని, మంచు తోసే బండి మా వీధిలోకి వచ్చిందా లేదా అని కాపలా కాశాను.

"నాన్నా, ఆ బండిని సూపర్‌వైజ్ చేసింది చాల్లే గానీ లైబ్రరీకి వెళ్ళు. ఇంగ్లీషు క్లాసుకి వాలంటీర్లు కావాలంట" అంది మా అమ్మాయి.

ఈ దేశానికి కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళచేత ఇంగ్లీషులో మాట్లాడించే క్లాసు అది. లైబ్రరీలో పనిచేసే ఒక చిన్నపిల్ల నన్ను ఇంటర్వ్యూ చేసింది. నేను గ్రామరు గురించి చాలాసేపు చెప్పాను. ఆ పిల్ల ఓపిగ్గా విని, "అది సరేనండీ, మీరు వాళ్ళచేత మాట్లాడించగలరా?" అని అడిగింది. జీవితమంతా 'సైలెన్స్' అని బెత్తంతో బల్ల మీద కొట్టి జీతం తీసుకున్నవాణ్ణి. "అదే నా స్పెషాలిటీ" అన్నాను.

వారానికి రెండు పొద్దుటిపూటలు క్లాసు. కుర్చీలు గుండ్రంగా వేయాలి. బల్ల ఉండకూడదు, ఎర్ర పెన్ను ఉండకూడదు. ఎవరు ఏ తప్పు మాట్లాడినా ముందు "గుడ్" అనాలి. ఆ 'గుడ్' నా గొంతులోంచి ఒక పట్టాన వచ్చేది కాదు. వచ్చేవాళ్ళలో చైనాలో వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. అర్థమైతే నవ్వేవాడు, అర్థం కాకపోతే ఇంకా పెద్దగా నవ్వేవాడు. కాఫీ కోసం వచ్చే పంజాబీ పెద్దాయన ఇంకొకడు. ఫ్లాస్కులో కాఫీ అయిపోతే ఆయన ఇంగ్లీషూ అయిపోయేది. ఇక మన జపాన్ ఆవిడ. నడుం వంచి నమస్కారం పెట్టి లోపలికొచ్చేది, మళ్ళీ నడుం వంచి నమస్కారం పెట్టి వెళ్ళేది. సర్వీసు మొత్తంలో నాకెవరూ ఇంత మర్యాద చేయలేదు. నేనూ తిరిగి వంగడం మొదలుపెట్టాను. నడుం పట్టేసింది.

పాఠమంటే వేషాలు కట్టి మాట్లాడుకోవడం. నేను బస్సు డ్రైవర్నయితే వాళ్ళు దారి అడగాలి. నేను కొట్టువాణ్ణయితే వాళ్ళు కొన్న స్వెట్టరు వాపసు ఇవ్వాలి. వేషం కట్టాక నాకు ఒళ్ళు తెలియదు. "వాపసు తీసుకోను పొండి" అని పట్టుబట్టేవాణ్ణి. చైనా ఇంజనీరు నవ్వేసి, స్వెట్టరు మడిచి ఒళ్ళో పెట్టుకునేవాడు. "గుడ్" అనేవాణ్ణి.

మా ఆవిడ మొదట్లో రాలేదు. ఇంగ్లీషు మాస్టారి పెళ్ళాం అన్నమాటే గానీ ఆవిడకి ఇంగ్లీషు రాదు. "మీ పాఠం విని బళ్ళో పిల్లలకే రాలేదు, నాకేం వస్తుంది" అనేది. కానీ ఇంట్లో ఒక్కతే కూర్చుని హీటరు చప్పుడు వినలేక ఒకరోజు నాతో బయల్దేరింది. గుండ్రంగా వేసిన కుర్చీల్లో వెనక వరస ఉండదు కదా. ఆవిడ తన కుర్చీని ఒక అడుగు వెనక్కి లాక్కుని ఒక వెనక వరస తయారు చేసుకుంది. క్లాసులో ఉన్నంతసేపూ నన్ను "సార్" అనేది, మూతి బిగించి, నవ్వాపుకుంటూ.

ఆ మొదటిరోజు పాఠం, పక్కవాళ్ళ గురించి అడిగి తెలుసుకోవడం. జపాన్ ఆవిడ మా ఆవిణ్ణి అడగాలి. పేరు అడిగింది, చెప్పింది. ఊరు అడిగింది, చెప్పింది. పిల్లలెందరంటే ఒక వేలు చూపించింది. "మీ భర్త పేరు?" అంది జపాన్ ఆవిడ.

మా ఆవిడ స్వెట్టరు గుండీ పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత తల వంచుకుని, "మై డాటర్స్ ఫాదర్" అంది.

పంజాబీ పెద్దాయన కాఫీ ఒలకబోసుకుని నవ్వాడు. నేను వాళ్ళకి వివరించాల్సి వచ్చింది. మా వైపు ఆవిడ వయసు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. రేషను కార్డు రాసేవాడు అడిగినా పక్కింటావిడచేత చెప్పిస్తారు. అనాల్సింది ఒకే ఒక్కసారి. పెళ్ళయి అత్తవారింట్లో మొదటిసారి అడుగుపెట్టేటప్పుడు, గడప దగ్గర ఆడపడుచులు దారికి అడ్డంగా నిలబడి 'పేరు చెప్తేనే లోపలికి రానిస్తాం' అంటారు. 'ఫలానా వారితో వచ్చాను' అని చెప్పి లోపలికి రావాలి. మా ఆవిడ కూడా చెప్పింది, మా అక్క చెవిలో. మా అక్క "చెప్పిందర్రా!" అని దారి వదిలింది. పక్కనే కొంగుముడితో నిలబడ్డ నాకు మాత్రం వినబడలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆవిడ నోట నా పేరు వినలేదు.

జపాన్ ఆవిడ ఒక్కతే నవ్వలేదు. తమ దేశంలో కూడా తన ఈడు వాళ్ళు భర్తని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదని, 'ఏమండీ' లాంటి మాటే తమకూ ఒకటుందని చేతులతో సగం, మాటలతో సగం చెప్పింది. ఆవిడ భర్త పోయి చాన్నాళ్ళయింది. "భర్త ఉన్నాడు, పేరు లేదు. భర్త లేడు, పేరు ఉంది" అంది తనకొచ్చిన ఇంగ్లీషులో. నేను "గుడ్" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆ రోజు నుంచి నేను ప్రతి క్లాసులోనూ ఏదో వంకతో ఆ ప్రశ్న దగ్గరికి తీసుకొచ్చేవాణ్ణి. పాఠం వాతావరణం గురించైనా, కూరగాయల గురించైనా, చివరికి "అన్నట్టు, మీ భర్త పేరేమిటి?" అనేవాణ్ణి. ఆవిడ ఒకసారి "టీచర్" అనేది, ఒకసారి "మై డాటర్స్ ఫాదర్" అనేది, ఒకసారి తెలుగులో "ఇంటికి రండి, చెప్తా మీ సంగతి" అనేది. క్లాసంతా చప్పట్లు కొట్టేది. బోధనలో ఇదొక పద్ధతి అని లైబ్రరీ పిల్లకి చెప్పాను. పద్ధతీ లేదు, పాడూ లేదు. ఈ వయసులో కట్టుకున్నది సిగ్గుపడుతుంటే చూడటం నాకు సరదా.

పెద్దవాళ్ళకి ఆస్పత్రంటేనే ఎక్కువ భయం, ఆ మాటలు నేర్పండి అంది లైబ్రరీ పిల్ల. మా అమ్మాయి మఫ్లరు మెడలో స్టెతస్కోపులా వేసుకుని నేను డాక్టర్నయ్యాను. మీ పేరేమిటి? మీరెక్కడున్నారు? ఇది ఏ నెల? మీ పక్కనున్నది ఎవరు? బుర్ర సరిగా ఉందో లేదో చూడటానికి ఇక్కడి ఆస్పత్రుల్లో ఇవి అడుగుతారు. మా ఆవిడ అన్నిటికీ టకటకా చెప్పేది, ఆ ఒక్కదానికి తప్ప. మొత్తం కెనడాలోనే నా స్టూడెంట్లలో ఆవిడే ఫస్టు అని అల్లుడితో చెప్పాను. ఆ మాటలో పెద్దగా అబద్ధం లేదు. క్లాసుకి నిజంగా పాఠం కోసం వచ్చేవాళ్ళు ఆవిడా, జపాన్ ఆవిడా ఇద్దరే.

రెండో చలికాలం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఒకరోజు వాకిట్లో పల్చని గాజుపలకలాంటి మంచు వదిలింది. వీధిలో ఉన్న చెత్తడబ్బా లోపలికి తెద్దామని వెళ్ళి మా ఆవిడ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అంబులెన్సు వాళ్ళు మంచం మీదికి ఎత్తుతుంటే, "ఏమండీ, పొయ్యి మీద పప్పుంది" అంది. అదీ ఆవిడ.

ఆపరేషను బాగానే జరిగింది. కానీ మత్తు దిగాక మనిషి ఒక పూట ఉన్నట్టు ఇంకో పూట లేదు. పెద్దవాళ్ళకి ఇలా అవుతుంది, కొందరికి పోతుంది, కొందరికి ఉండిపోతుంది అన్నాడు డాక్టరు. ఇంతకుముందు మతిమరుపేమైనా ఉండేదా అని అడిగాడు. "అస్సలు లేదు. ఏకసంథాగ్రాహి" అన్నాను. ఆ ముందు శరదృతువులో ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే గిన్నె మాడి, ఇంట్లో పొగ అలారం మోగింది. మా అమ్మాయితో ఆ పాలు పెట్టింది నేనేనని చెప్పాను. అలా జరిగింది ఒక్కసారి కాదు. ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదు.

కళ్ళు తెరిచినప్పుడల్లా ఆవిడ అడిగేది ఒకటే. "ఇంటికెప్పుడు తీసుకెళ్తారండీ?"

"రేపో ఎల్లుండో. నేను తీసుకెళ్తాగా" అనేవాణ్ణి.

అక్కడి పద్ధతి నర్సు మా అమ్మాయికి విడమరిచి చెప్పింది. మాట నిలకడగా ఉండి, చెప్పింది విని జాగ్రత్తగా నడవగలిగితే ఇంటికి పంపిస్తారు, సాయానికి రోజూ మనిషొస్తుంది. లేకపోతే రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే కేర్ హోమ్‌కి పంపాలి. అందుకని రోజూ పొద్దున్నే నర్సు ఆ ప్రశ్నలడిగేది. నేను మఫ్లరు వేసుకుని అడిగినవే.

మొదటిరోజు నేనూ మా అమ్మాయీ అక్కడే ఉన్నాం. పేరు చెప్పింది. ఆస్పత్రి అంది. నెల చెప్పింది. నేను మంచం కాళ్ళవైపు నిలబడి పెదవులు కదుపుతున్నాను, పదో తరగతి పరీక్షలో కిటికీ బయట నిలబడ్డ వాడిలాగా.

"ఈయనెవరు?" అంది నర్సు నన్ను చూపించి.

"మై డాటర్స్ ఫాదర్."

నర్సు చెయ్యి ఆగింది. "అంటే మీ భర్తా? ఆయన పేరేంటి?"

మా ఆవిడ మొహం కిటికీవైపు తిప్పుకుంది. నర్సు చక్రాల బల్ల మీదున్న కంప్యూటర్లో ఏదో టైపు చేసింది.

"అమ్మా, ప్లీజ్. ఒక్కసారి చెప్పవే. ఇదంతా రికార్డవుతోంది" అంది మా అమ్మాయి.

"మీ నాన్న ఎదురుగా నిలబడితే పేరెట్టి అనమంటావేంటే? ఆయన్నే అడగమను. నోరుంది కదా. ఉన్నదంతా నోరే."

నాకు నవ్వాగలేదు. మా అమ్మాయికి ఏడుపాగలేదు. "నువ్వు నవ్వకు నాన్నా! ఇంటికి పంపరు, తెలుసా?" అంది.

ఆరోజు డాక్టరుకి తెలుగువారి ఆచారాల మీద గంటసేపు ఉపన్యాసమిచ్చాను. గంట కాదు. ఆయన వరండాలో నడిచిపోతుంటే పక్కన పరిగెడుతూ చెప్పాను. ఆయన ఆగి, నవ్వి, "మా అమ్మమ్మ కూడా అంతే" అన్నాడు. వాళ్ళు శ్రీలంకలోని జాఫ్నా తమిళులట. ఆ ప్రశ్న వదిలేసి మిగతావి చూడమని నర్సుకి చెప్పాడు. మిగతావి ఆవిడ రోజురోజుకీ బాగా చెప్పింది. వాకరు పట్టుకుని తలుపు దాకా నడిచింది. ఇలాగే ఉంటే వచ్చేవారం ఇంటికి పంపుతామన్నారు.

అల్లుడు సెలవు పెట్టి బాత్రూం గోడకి పట్టుకునే కడ్డీలు బిగించాడు. మేడ మీది మంచం విప్పి హాల్లోకి దించాం. మనవరాలు అమ్మమ్మ మంచానికి ఊదారంగు దుప్పటి పరిచి, తలాపున చిన్న గంట పెట్టి, "తాతా, షీ కెన్ కాల్ యూ విత్ దిస్" అంది. మంచిదేనమ్మా, ఎలాగూ పేరు పెట్టి పిలవదు కదా అన్నాను. అందరం నవ్వుకున్నాం.

పంపుతామన్న రోజుకి ముందు రోజు పొద్దున, ఇడ్లీ డబ్బా పట్టుకుని వెళ్ళాను. ఆవిడ దిండ్లకి ఆనుకుని కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వి ఉంది. మొహం ఎంత తేటగా ఉందంటే, హమ్మయ్య అనుకున్నాను. నర్సు వచ్చి పేరడిగింది. పేరు చెప్పింది. తర్వాత, వద్దన్న సంగతి మరిచిపోయిందో, సరదాకో, ఆ నర్సు "మరి మీ భర్త పేరు?" అంది.

మా ఆవిడ కాసేపు తల వంచుకుంది. సిగ్గుపడింది. తర్వాత తలెత్తి, నా పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. శుభలేఖలో అచ్చేసినట్టు, చివర 'గారు' తగిలించి, "...గారితో వచ్చాను" అంది.

నర్సు చప్పట్లు కొట్టింది. "గుడ్!" అంది. "కరెక్టేనా?" అని నావైపు చూసింది.

"కరెక్టే" అన్నాను.

మా ఆవిడ నర్సు చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నట్టు అంది, "చెప్పాను కదా వదినా, ఇక లోపలికి రానివ్వండి. కాళ్ళు లాగుతున్నాయి."

"ఏమంటున్నారు?" అని అడిగింది నర్సు.

"ఇంటికెళ్ళాలంటోంది" అన్నాను.

మా ఆవిడ అప్పుడు నన్ను చూసింది. నా తెల్లజుట్టు చూసింది, చేతిలో ఇడ్లీ డబ్బా చూసింది. పమిట భుజం మీదికి లాక్కోబోయి, ఆస్పత్రి గౌనుకి పమిట దొరక్క తడుముకుంది. "మీరు పెళ్ళివారి తరఫా అండీ?" అంది.

ఇంత గట్టిగా, ఇంత స్పష్టంగా నా పేరు ఆవిడ నోట వినాలని నేను ఎన్నిసార్లు అనుకున్నానో! వేళాకోళానికి ఎన్ని క్లాసుల్లో అడిగానో! పేరు అననన్నాళ్ళూ ఆస్పత్రివాళ్ళు తికమక అని రాసుకున్నారు, మనిషి నిక్షేపంలా ఉంది. ఇప్పుడు గుడ్ అని రాసుకున్నారు.

ఆ సాయంత్రం దాకా నేను నోరు మెదపలేదు. నిజం చెప్తున్నాను, మెదపకుండానే ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. ఇల్లు చూస్తే, పొయ్యి చూస్తే అన్నీ గుర్తొస్తాయనుకున్నాను. కానీ నేను మంచినీళ్ళకి వెళ్ళొచ్చేలోగా ఆవిడ మంచం దిగబోయింది, వాకరు లేకుండా. ముందు కుడికాలు పెట్టాలని కాబోలు, విరిగిన కాలే కింద పెట్టబోతోంది. చేతికందింది కాబట్టి పట్టుకున్నాను. నా భుజం మీద తల ఆన్చి, "ఎవరైనా చూస్తారండీ" అంది.

డాక్టరు దగ్గరికి నడిచి వెళ్ళాను. మాడిన పాలగిన్నెల సంగతి చెప్పాను. ఇవాళ ఆవిడ చెప్పిన సరైన జవాబు తప్పని చెప్పాను. ఆయన కుర్చీ చూపించాడు. కూర్చుని ఇంకేం చెప్పానో గుర్తులేదు. నేను ఏడవలేదని మా అమ్మాయితో అన్నాను. ఆ మాట కూడా నమ్మకండి.

జన్మంతా అవసరం ఉన్నా లేకపోయినా కోతలు కోసినవాణ్ణి. ఆ ఒక్కరోజు కోసుంటే ఆవిడ ఊదారంగు దుప్పటి మీద పడుకునేది. ఎన్నాళ్ళకో, ఏ మెట్టు దగ్గరో పడేదని మా అమ్మాయి అంటుంది. "నువ్వు చేసింది రైటే నాన్నా" అంటుంది. అంటూ హాల్లో మంచంవైపు చూడదు.

చోటు దొరికిన కేర్ హోమ్ మార్కమ్‌లో ఉంది. ఏజాక్స్ నుంచి బస్సులు మారి వెళ్తాను. డ్రైవర్లందరూ నాకు స్నేహితులే అని చెప్తుంటాను గానీ, ఒకడు తలూపుతాడు, అంతే. అక్కడి వాళ్ళు మంచివాళ్ళు. అడిగినా అడగకపోయినా ఆవిడ అందరికీ నా పేరు చెప్పడంతో వాళ్ళందరికీ అది నోటికొచ్చింది. వరండాలో నన్ను చూసి పేరు పెట్టి పలకరించేవారు. ఆవిడ ముందు అలా పిలవొద్దని బతిమాలుకున్నాను. ఆ పేరు వినగానే ఆవిడ తలుపువైపు చూస్తుంది. నన్ను దాటి చూస్తుంది.

లైబ్రరీ క్లాసు మళ్ళీ మొదలుపెట్టాను. నేను వెళ్ళేసరికే జపాన్ ఆవిడ కుర్చీలు గుండ్రంగా వేసి ఉంచుతుంది. ఒక కుర్చీ ఒక అడుగు వెనక్కి లాగి ఉంటుంది. అందులో ఎవరూ కూర్చోరు. మొగుడి పేరు, పెళ్ళాం పేరు అడిగే పాఠం నేనిప్పుడు చెప్పడం లేదు.

నేను మాస్టార్ననే సంగతి మాత్రం మా ఆవిడకి ఎలాగో అందింది. నన్ను "మాస్టారూ" అంటుంది. కొత్త కోడలితో పరాయి మగవాడు మాట్లాడినట్టు మాట్లాడాలి కదా, నేను ఆవిణ్ణి "మీరు" అంటాను. పెళ్ళయిన దగ్గర్నుంచి 'ఏమే', 'ఒసేయ్' తప్ప ఎరగని నోటికి మొదట్లో ఆ మాట తిరిగేది కాదు. నిన్న కమలాపండు ఒలిచి చేతిలో పెట్టి, పక్క కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగాను.

"మీ వారేం చేస్తుంటారండీ?"

"బళ్ళో ఇంగ్లీషు మాస్టారు."

"హెడ్మాస్టరా?"

"హెడ్మాస్టరా!" అంది ఆవిడ. కళ్ళు ఒక్కసారి మెరిశాయి. "ఎవరు చెప్పారు మీకు? ఆయనే చెప్పుంటారు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ కాసేపూ ఎవరైనా తలుపు దగ్గర నిలబడి చూస్తే, ఇద్దరు ముసలాళ్ళు, మొగుడూ పెళ్ళాలు, ఏదో పాత సంగతికి నవ్వుకుంటున్నారనుకునేవాళ్ళు.

"కోతలెక్కువ లెండి ఆయనకి" అంది. "కానీ ఇంటికి తీసుకెళ్తానన్నారు. వస్తారు."

"ఇంకా రాలేదేమండీ?"

"బస్సు దొరికుండదు." ఒక తొన తీసి నా చేతిలో పెట్టింది. "నిలబడే ఉన్నారేం? కూర్చోండి మాస్టారూ. ఆయన వచ్చాక మీకు పరిచయం చేస్తాను."

కోటు విప్పి కుర్చీకి తగిలించి, కూర్చున్నాను.